వ్యాపార సమాచార వ్యవస్థల మౌలిక సాంకేతిక అంగాలు: దిగువ కృష్ణా డెల్టాలో వాటి స్వరూపం

వ్యాపార సంస్థ తన రోజువారీ లావాదేవీలను నమోదు చేసుకోవడానికి, ఆ నమోదుల నుంచి లెక్క తేల్చుకోవడానికి, తేలిన లెక్కను బట్టి కొనుగోళ్లు, అమ్మకాలు, చెల్లింపులు నిర్ణయించుకోవడానికి ఏర్పరచుకున్న ఏర్పాటును వ్యాపార సమాచార వ్యవస్థ అంటారు. కంటికి కనిపించే యంత్ర సామగ్రి, దాన్ని నడిపించే ప్రోగ్రాములైన సాఫ్ట్‌వేర్, నమోదులు ఒక క్రమంలో నిలవ ఉండే డేటాబేస్, ఒక చోటి నమోదును మరో చోటికి చేరవేసే నెట్‌వర్క్ దీని నాలుగు సాంకేతిక అంగాలు. పని పద్ధతులు, మనుషులు సాంకేతిక అంగాల కిందికి రాకపోయినా, వాటిని వదిలి ఈ నాలుగింటి గురించి చెప్పిన మాట ఏదీ పూర్తి కాదు.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఈ వ్యవస్థలు వరి, ఎరువులు, బియ్యం, రొయ్యలు, కలంకారీ వస్త్రాలు, రోల్డ్‌గోల్డ్ నగలు, బ్యాంకు ఖాతాల చుట్టూ అల్లుకుని ఉన్నాయి. వీటిని నడిపే పెద్ద కంప్యూటర్లు హైదరాబాదులోనో ముంబైలోనో ఢిల్లీలోనో ఉంటాయి. డెల్టాలో ఉండేది వాటి కొసలు మాత్రమే, అంటే ఎరువుల కొట్టులోని చేతి మిషను, మిల్లు గేటు దగ్గరి కాటా, సహకార సంఘం బల్ల మీది కంప్యూటరు. ఈ ప్రాంతంలో వ్యవస్థ నిలిచిందా, తప్పిందా అన్నది కేంద్ర యంత్రం సామర్థ్యం కన్నా ఈ కొసల దగ్గర జరిగే తొలి నమోదు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ వ్యాసం అంగాలన్నింటినీ పరిచయం చేస్తూనే, ఆ కొసల దగ్గరే ఎక్కువసేపు నిలుస్తుంది.

పూర్వరంగం

బందరు (మచిలీపట్నం) రేవులో 17వ శతాబ్ది తొలి దశాబ్దంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తక స్థావరాలు పెట్టుకున్ననాటికే దూరపు వ్యాపారానికి వ్రాతపూర్వక సమాచారం ప్రాణంగా ఉండేది. ఏ రకం వస్త్రం ఎన్ని తానులు కొన్నదీ, నేతగాళ్లకు ఎంత బయానా ఇచ్చినదీ రాసిన పద్దులు ఓడలమీద నెలల తరబడి ప్రయాణించి యూరపుకు చేరేవి, వాటికి జవాబుగా వచ్చే ఆర్డరు మరుసటి ఏడాదికి గాని అందేది కాదు. దేశీయ వర్తకులు జరిగిన లావాదేవీని జరిగిన వరసలో చిట్టాలో రాసుకుని, తరవాత తీరికగా ఆసామీవారీగా ఆవర్జాలోకి ఎక్కించుకునేవారు. ఈనాటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి మార్పునూ ముందు కాలక్రమ చిట్టాలో రాసి, ఆ పైననే పట్టికలను సవరిస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ చిట్టాను చూసుకునే పట్టికలను సరిచేసుకుంటుంది.

ఆధునిక దశకు మచిలీపట్నంలోనే ఒక స్పష్టమైన ఆనవాలు ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న ఈ పట్టణంలో వ్యాపారం ప్రారంభించింది. చేతిరాత లెడ్జర్లతో మొదలైన ఈ బ్యాంకు 1980 ఏప్రిల్‌లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యేదాకా నడిచిన కాలంలో భారతీయ వ్యాపార సమాచార వ్యవస్థ దాటిన మెట్లన్నీ దాటింది. ప్రపంచంలో తొలి వ్యాపార కంప్యూటరుగా పేరొందిన లియో 1951లో ఇంగ్లండులోని లయన్స్ అనే టీ దుకాణాల సంస్థలో పనికి దిగినా, భారతీయ బ్యాంకు శాఖల్లోకి యంత్రం రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీలు 1984లోను, 1989లోను ఇచ్చిన నివేదికల ఆధారంగా ముందు లెడ్జరు పద్దులు వేసే యంత్రాలు, తరవాత శాఖ మొత్తాన్ని కలిపిన కంప్యూటర్లు, చివరకు అన్ని శాఖల ఖాతాలూ ఒకే చోట ఉండే కోర్ బ్యాంకింగు వచ్చాయి.

ఈ మూడో మెట్టుతో ఖాతాదారుడి స్థితే మారిపోయింది. అంతకు ముందు ఖాతా అనేది ఒక శాఖలోని ఒక పుస్తకంలోని ఒక పుట. అవనిగడ్డ ఖాతాలోని సొమ్ము గుడివాడలో తీసుకోవాలంటే డ్రాఫ్టు తీయవలసిందే. కోర్ బ్యాంకింగులో ఖాతా కేంద్ర డేటాబేస్‌లోని వరుస అయింది, శాఖ ఆ వరుసను చూడగలిగిన అనేక కిటికీలలో ఒకటి అయింది. విలీనమైన ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకులు, విలీనం చేసుకున్న యూనియన్ బ్యాంకు మూడూ ఇన్ఫోసిస్ తయారు చేసిన ఫినాకిల్ అనే సాఫ్ట్‌వేర్‌నే వాడుతుండటం ఆ విలీనానికి అనుకూలంగా చూపిన కారణాల్లో ఒకటి. సాఫ్ట్‌వేర్ ఒకటే అయినంత మాత్రాన ఖాతాలు వాటంతటవి కలిసిపోవు. ఐ.ఎఫ్.ఎస్. కోడులో మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, అయిదో స్థానంలోని సున్నా భవిష్యత్తు అవసరాన్ని, చివరి ఆరు శాఖను సూచిస్తాయి; విలీనంతో ఆ మొదటి నాలుగు అక్షరాలు మారడం వల్ల పాత కోడు రాసిపెట్టుకున్న ప్రతి దరఖాస్తు, ప్రతి లబ్ధిదారుల జాబితా, ప్రతి వ్యాపారి బిల్లుపుస్తకం సవరించుకోవలసి వచ్చింది.

యంత్ర సామగ్రి: కొట్టులోని చేతి మిషను

యంత్ర సామగ్రిని పాఠ్యగ్రంథాలు సమాచారాన్ని లోపలికి తీసుకునేవి, దాన్ని సంస్కరించేవి, నిలవ ఉంచేవి, బయటికి చూపేవి అని నాలుగుగా విభజిస్తాయి. ఎరువుల దుకాణంలోని పాయింట్ ఆఫ్ సేల్ యంత్రంలో ఈ నాలుగూ అరచేతిలో ఇమిడి కనిపిస్తాయి. అంకెలు నొక్కే మీటలు, వేలిముద్ర తీసుకునే గాజుపలక లోపలికి తీసుకునే భాగాలు. లోపలి చిప్పు సంస్కరించేది, మెమొరీ నిలవ ఉంచేది. చిన్న తెర, వేడితో అక్షరాలు దిద్దే కాగితపు చుట్ట బయటికి చూపేవి. సిమ్‌కార్డు దాన్ని దూరపు సర్వరుతో కలిపేది.

ఎరువుల రాయితీని ఈ యంత్రంలో నమోదైన అమ్మకంతో ముడిపెట్టే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రయోగాత్మకంగా 2016 అక్టోబరులో మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న జిల్లాల్లో కృష్ణా, పశ్చిమ గోదావరి ముందు వరసలో ఉన్నాయి. 2018 మార్చి నాటికి ఆ విధానం దేశమంతటికీ విస్తరించింది. అంతకు ముందు ఎరువు జిల్లాకు చేరితే చాలు, కంపెనీ రాయితీకి అర్హమయ్యేది. కొత్త విధానంలో రైతు ఆధార్ గుర్తింపుతో బస్తా కొన్నట్టు యంత్రం నమోదు చేస్తేనే కంపెనీకి రాయితీ అందుతుంది. అంటే 45 కిలోల యూరియా బస్తాకు రైతు ఇచ్చే రూ.266.50 కన్నా ఎన్నో రెట్లు ఎక్కువైన మొత్తం, ఒక పల్లెటూరి కొట్టులో వేలిముద్ర పడటం మీద ఆధారపడి కదులుతుంది. సమాచార వ్యవస్థ అనేది లెక్కలు రాసుకునే సాధనంగా మాత్రమే మిగలక, డబ్బు కదలికకు తాళంచెవిగా మారిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

ఈ యంత్రంతో డీలర్లు నిత్యం పడే పాటు మిషన్లో స్టాకుకూ గోడౌన్లో స్టాకుకూ మధ్య తేడా. నాట్ల తరవాత తొలి యూరియా వేసే రోజుల్లో కొట్టు ముందు జనం నిలబడి ఉండగా సిగ్నలు అందక పోయినా, నారు పీకి, మట్టి పిసికి అరిగిన వేళ్ల ముద్ర పడక పోయినా, సరుకు ముందు వెళ్లిపోయి నమోదు వెనకబడుతుంది. మిషన్లో బస్తాలు ఉన్నట్టు కనిపిస్తే కొత్త లోడు కేటాయింపు తగ్గుతుంది. అధికారులు తనిఖీకి వస్తే గోడౌన్లో లేని బస్తాలకు జవాబు చెప్పుకోవాలి. తప్పు డీలరుదా, యంత్రానిదా, సిగ్నలుదా అని తేల్చడం కష్టం గనుక, నమోదు సరుకుతోపాటే జరిగేలా చూడటం ఈ వ్యవస్థకు అన్నింటికన్నా ముఖ్యమైన నియమం.

తూనిక యంత్రాలు కూడా సమాచార యంత్రాలే. లారీని మొత్తంగా తూచే వేబ్రిడ్జిలో ఇనుప పలక కింద అమర్చిన లోడ్‌సెల్ అనే సాధనం, బరువుకు తాను పొందే అతి సూక్ష్మమైన వంపును విద్యుత్ సంకేతంగా మార్చి కంప్యూటరుకు పంపుతుంది. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచిన బరువుల తేడాయే సరుకు బరువు. కాటా గుమాస్తా చేతితో అంకె కొట్టే పద్ధతి ఉన్నచోట ఈ యంత్రపు నిజాయితీ ఆ చేతి దగ్గరే ఆగిపోతుంది. బరువు నేరుగా కంప్యూటరులోకి ఎక్కేలా తీగ కలపడం కొద్దిపాటి ఖర్చే అయినా, రైతుకు వ్యవస్థ మీద నమ్మకం కలిగించే పనుల్లో అది మొదటిది.

సాఫ్ట్‌వేర్

యంత్రాన్ని మేలుకొలిపి దాని భాగాలను అజమాయిషీ చేసేది సిస్టమ్ సాఫ్ట్‌వేర్, సంస్థ పనిని చేసిపెట్టేది అప్లికేషన్ సాఫ్ట్‌వేర్. గుడివాడ, మచిలీపట్నం బజార్లలో ఈ రెండో రకానికి మారుపేరుగా స్థిరపడింది ట్యాలీ. బెంగళూరులో 1986లో పుట్టిన సంస్థ తయారుచేసిన ఈ ప్రోగ్రాము కిరాణా టోకు వ్యాపారి నుంచి రైస్‌మిల్లు దాకా జమాఖర్చుల భారాన్ని మోసింది. జీతానికి ఒక గుమాస్తాను పెట్టుకోలేని కొట్టువాళ్లు కూడా నెలకోసారి అకౌంటెంటు దగ్గర బిల్లులు ఇచ్చి ఎక్కించుకుంటారు. ఈ అలవాటులో ఒక లోపం ఉంది. నెలాఖరున ఎక్కించిన లెక్క పన్ను రిటర్నుకు పనికొస్తుంది గాని, ఏ సరుకు ఎంత మిగిలిందో ఆ రోజుకారోజు చెప్పదు. లావాదేవీ జరిగిన క్షణాన నమోదు చేసే వ్యవస్థకూ, జరిగిపోయినదాన్ని పోగుచేసే వ్యవస్థకూ సాఫ్ట్‌వేర్ ఒకటే అయినా ఫలం వేరు.

పెద్ద సంస్థల్లో కొనుగోలు, నిలవ, ఉత్పత్తి, అమ్మకం, జీతాలు, లెక్కలు ఒకే డేటాబేస్ మీద నడిపే ఈ.ఆర్.పి. అనే సమగ్ర సాఫ్ట్‌వేర్‌లు వాడతారు. చిన్న సంస్థలను ఇటువంటి కలయికలోకి లాగినది ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు, 2017 జూలై 1న అమల్లోకి వచ్చిన వస్తు సేవల పన్ను. అమ్మినవాడి బిల్లు కొన్నవాడి పన్ను జమలో కనిపించాలంటే ఇద్దరి లెక్కలూ ఒకే కేంద్ర వ్యవస్థలో సరిపడాలి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం లోపలి రవాణాకు 2018 ఏప్రిల్ 15 నుంచి వర్తించిన ఈ-వే బిల్లు దీనికి తోడైంది. రూ.50,000 దాటిన సరుకుకు మొదటి భాగంలో సరుకు వివరం, రెండో భాగంలో వాహనం నంబరు పూరిస్తే వచ్చే సంఖ్యతోనే లారీ కదలాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున దానికి గడువు ఉంటుంది. దారిలో లారీ చెడిపోయి సరుకును మరో బండిలోకి మార్చితే, రోడ్డు పక్కన నిలబడే డ్రైవరు మిల్లుకు ఫోను చేసి రెండో భాగంలో కొత్త నంబరు ఎక్కించమంటాడు.

పన్ను నియమం సరుకును, సరుకు సాఫ్ట్‌వేర్‌ను ఎలా మారుస్తాయో బియ్యం వ్యాపారంలో చూడవచ్చు. 2022 జూలై 18 నుంచి ముందే సంచుల్లో నింపి లేబులు వేసిన 25 కిలోల లోపు బియ్యానికి 5 శాతం పన్ను విధించగా, కొద్ది కాలానికే బజారులోకి 26 కిలోల సంచులు వచ్చాయి. మిల్లు కంప్యూటరులో అదే రకం బియ్యానికి రెండు సరుకు కోడ్లు, రెండు పన్ను రేట్లు ఏర్పడ్డాయి. బిల్లు కొట్టే గుమాస్తా తప్పు కోడు ఎంచుకుంటే కొన్నవాడికీ అమ్మినవాడికీ లెక్క తప్పుతుంది.

డేటాబేస్, గుర్తింపు సంఖ్యలు

సమాచారాన్ని అడ్డువరసలు, నిలువు గళ్లు ఉన్న పట్టికలుగా విడదీసి, వాటిని ఉమ్మడి గుర్తింపు సంఖ్యల ద్వారా కలపవచ్చునన్న సంబంధాత్మక నమూనాను ఐ.బి.ఎం.లో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. నేటి వ్యాపార డేటాబేస్‌లలో అధిక భాగం ఈ నమూనా మీదనే నిలబడ్డాయి. పట్టికల సంఖ్య ఎంతైనా, ఒక పట్టికలోని మనిషి మరో పట్టికలోని మనిషి ఒకడేనని చెప్పే సంఖ్య చెడితే మొత్తం కట్టడం కూలుతుంది గనుక, గుర్తింపు సంఖ్యల నిర్మాణం ఈ శాస్త్రంలో అత్యంత విలువైన విషయం.

వస్తు సేవల పన్ను గుర్తింపు సంఖ్యను ఉదాహరణగా తీసుకుంటే దాని 15 స్థానాల్లో దాదాపు ప్రతిదానికీ పని ఉంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. రాష్ట్ర విభజన తరవాత ఆంధ్రప్రదేశ్‌ది 37. తరవాతి పది స్థానాలు వ్యాపారి పాన్ నంబరు. పదమూడోది ఆ పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెబుతుంది, చివరిది మిగతా అక్షరాలన్నింటి నుంచి గణితంతో రాబట్టిన సరిచూపు అక్షరం. ఒక్క అంకె తప్పు కొట్టినా ఆ చివరి అక్షరం సరిపోదు కాబట్టి, తప్పు సర్వరుదాకా వెళ్లకుండా అక్కడికక్కడే పట్టుబడుతుంది. కొసలో పనిచేసే మనిషికి యంత్రం చేయగల నిజమైన సాయం ఇటువంటిదే.

ఇంత చక్కని అమరిక అన్ని చోట్లా లేదు. కృష్ణా డెల్టా రైతు బస్తా అంటే 75 కిలోల ధాన్యం. ఎకరానికి ఎన్ని బస్తాలు అయ్యాయన్నా, కౌలు ఎన్ని బస్తాలన్నా, ధర ఎంతన్నా ఈ కొలతే. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు ప్రకటిస్తారు. కొనుగోలు కేంద్రాల గోనె సంచిలో 40 కిలోలు నింపుతారు. 2024–25లో సాధారణ రకానికి క్వింటాలు రూ.2,300 అంటే బస్తాకు రూ.1,725. ఒకే సరుకు మూడు కొలతల్లో తిరుగుతున్నప్పుడు తెర మీద ఎన్ని సంచులు అని మాత్రమే అడిగితే ఏ సంచి అన్న సందేహం రైతుకూ ఆపరేటరుకూ మిగులుతుంది. నమోదు పత్రం రైతు కొలతలో తీసుకుని, లోపల క్వింటాళ్లలోకి మార్చి, మళ్లీ రైతు కొలతలో రసీదు ఇస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. మార్పిడి పని యంత్రానికి ఏమాత్రం భారం కాదు.

డెల్టాలో డేటాబేస్‌కు లొంగని పెద్ద సమస్య కౌలు. పంటనమోదు సర్వే నంబరు ఆధారంగా సాగుతుంది, సర్వే నంబరు పట్టాదారు పేరుతో ముడిపడి ఉంటుంది, పైరు పెట్టినవాడు మరొకడు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం భూయజమాని సమ్మతితో 11 నెలలకు కౌలు రైతుకు గుర్తింపు కార్డు ఇచ్చే వీలు కల్పించింది గాని, యజమాని సంతకం దొరకని చోట ధాన్యం ఒకరిది, పేరు మరొకరిది అవుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపంగా కనిపించినా, దాని మూలం పొలంలోని ఒప్పందం కాగితం మీదికి రాకపోవడంలో ఉంది. ఏ ప్రోగ్రామరూ దాన్ని తెర మీద సరిచేయలేడు.

భౌగోళిక కోడ్లు కూడా స్థిరం కావు. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయి విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడటం, కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లడంతో జిల్లా గడి ఉన్న ప్రతి పట్టికనూ సవరించవలసి వచ్చింది. పాత ఏళ్ల గణాంకాలను కొత్త జిల్లాతో పోల్చేటప్పుడు ఈ మార్పును గమనించకపోతే పంట దిగుబడి హఠాత్తుగా పడిపోయినట్టు కనిపిస్తుంది.

చేతివృత్తుల వ్యాపారంలో గుర్తింపు సంఖ్యల అవసరం తక్కువేమీ కాదు. భౌగోళిక గుర్తింపు పొందిన మచిలీపట్నం కలంకారీకి కేంద్రమైన పెడనలో ఒక డిజైనుకు గీతకు ఒక అచ్చు, రంగుకు ఒక అచ్చు చొప్పున అనేక చెక్క అచ్చులు కావాలి. ఏ డిజైనుకు ఏ అచ్చులు, అవి ఎంత అరిగాయి, ఏ అద్దకానికి ఎన్నిసార్లు ఉడకబెట్టాలి అన్నది పెద్ద మేస్త్రీ జ్ఞాపకంలో ఉన్నంతకాలం వ్యాపారం నడుస్తుంది. ఎగుమతిదారుడు రెండేళ్ల కిందటి అదే డిజైను మళ్లీ అడిగిననాడు ఫోటో, అచ్చుల నంబర్లు, రంగు కొలతలు రాసిపెట్టుకున్నవాడికే ఆర్డరు దక్కుతుంది.

నెట్‌వర్క్

రెండు యంత్రాల మధ్య సమాచారం నడిచే దారిని, ఆ నడకకు సంబంధించిన నియమాలను కలిపి నెట్‌వర్క్ అంటారు. బ్యాంకుల మధ్య వాడుకకు ప్రత్యేకించిన ఇన్ఫినెట్ అనే దేశవ్యాప్త నెట్‌వర్క్‌ను హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐ.డి.ఆర్.బి.టి. 1999లో ఏర్పరచింది. ఆ పునాది మీద 2004లో ఆర్.టి.జి.ఎస్., 2005లో నెఫ్ట్ చెల్లింపులు వచ్చాయి. 2016లో మొదలైన యూపీఐతో ఈ దారి చేపల బజారులోని గంప పక్కన అతికించిన క్యూఆర్ కాగితం దాకా వచ్చింది. డబ్బు పడిందని పైకి చదివి చెప్పే చిన్న సౌండ్‌బాక్సు, తెర చూడటానికి చేతులు ఖాళీ లేని అమ్మకందారుల అవసరాన్ని సరిగ్గా గ్రహించిన పరికరం.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడి, గాజుతీగను భూమిలో పాతడానికి బదులు విద్యుత్ స్తంభాల మీదుగా లాగే మార్గం ఎంచుకుంది. కాలువలు, మురుగు డ్రెయిన్లు అడుగడుగునా అడ్డుపడే డెల్టా నేలలో ఇది వేగంగా, చౌకగా జరిగే పని. ఒక కేంద్రం నుంచి వచ్చిన గాజుపోగులోని కాంతిని స్ప్లిట్టరు అనే సాధనం కరెంటు అవసరం లేకుండానే అనేక పోగులుగా పంచుతుంది, ఇంటి దగ్గరి పెట్టె దాన్ని తిరిగి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. దీని బలహీనత కూడా ఆ స్తంభమే: గాలివానకు స్తంభం ఒరిగిన క్షణాన కరెంటు, ఇంటర్నెట్టు ఒకేసారి పోతాయి. సెల్‌టవరు కొద్ది గంటలు బ్యాటరీ మీద నిలిచినా, డీజిలు అయిపోతే అదీ మూగబోతుంది. అందువల్ల అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వంటి చోట్ల పనిచేయవలసిన సాఫ్ట్‌వేర్‌ను, లైను లేనప్పుడు నమోదును తనలోనే దాచుకుని, లైను వచ్చాక సమయముద్రతో సహా పైకి పంపేలా రాయడం ఐచ్ఛికం కాదు. ఎప్పుడూ లైను ఉంటుందన్న నమ్మకంతో నగరంలో రాసిన ప్రోగ్రాము ఇక్కడ తొలి తుపానుకే పనికిరాకుండా పోతుంది.

అంగాలన్నీ కలిసే చోటు: ధాన్యం కొనుగోలు

ధాన్యం సేకరణలో ఒక్క లోడు వెంట నడిస్తే ఈ అంగాలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ తరఫున జరిగే ఈ కొనుగోలుకు తొలి ఆధారం పంటనమోదు. పైరు ఉన్నప్పుడే సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, సాగుదారు గుర్తింపు ఎక్కి ఉండాలి. కోత అయ్యాక గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో తేమ కొలుస్తారు. గింజల గుండా ప్రసరించే విద్యుత్తులోని తేడాను బట్టి తేమ శాతాన్ని చూపే ఆ చిన్న యంత్రం 17 లోపు చూపితే ధాన్యం నిబంధనకు సరిపోయినట్టు. యంత్రకోత వచ్చాక పొలం నుంచే పచ్చి ధాన్యం రోడ్డుమీదికి వస్తోంది కాబట్టి, రోడ్డు వారన బరకాల మీద ఆరబోసిన ధాన్యం మధ్య ఈ అంకె కోసమే రైతులు ఎదురుచూస్తారు. కేంద్రంలో కొలిచిన తేమకూ, మిల్లు దగ్గర మళ్లీ కొలిచిన తేమకూ తేడా వచ్చిందంటే వాదన మొదలైనట్టే; రెండు యంత్రాలనూ ఒకే ప్రమాణానికి సరిచూసి పెట్టడం ఏ సర్వరు కొనుగోలు కన్నా ముందు జరగవలసిన పని.

తరవాత గోనె సంచులు, హమాలీలు, లారీ. లోడుకు పుట్టిన పత్రం లారీతో మిల్లుకు చేరుతుంది, మిల్లు అందినట్టు నమోదు చేయగానే రైతు ఖాతాకు చెల్లింపు ఆదేశం తయారవుతుంది. మరోవైపు మిల్లు లెక్కలో ఆ ధాన్యం అప్పుగా నిలిచి, క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం చొప్పున తిరిగి అప్పగించినప్పుడు తీరుతుంది. 2024 ఖరీఫ్‌లో రైతు వాట్సాప్ ద్వారానే తాను ధాన్యం తెచ్చే రోజు, కేంద్రం ఎంచుకునే సదుపాయాన్ని ప్రభుత్వం తెచ్చింది. సాంకేతికంగా చూస్తే ఇది కొత్త వ్యవస్థ కాదు, ఉన్న డేటాబేస్‌కు రైతు అప్పటికే వాడుతున్న తలుపు తెరవడం. కొత్త యాప్ నేర్పించడం కన్నా తెలివైన మార్గం అదే.

చెల్లింపు 48 గంటల్లో జరగాలన్న లక్ష్యం నెరవేరాలంటే ఆధార్‌తో ముడిపడిన ఖాతా సరైనదై ఉండాలి. ఆధార్ ఆధారిత చెల్లింపులో సొమ్ము రైతు రాసిచ్చిన ఖాతాకు కాక, జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో ఆ ఆధార్‌కు చివరగా అనుసంధానమైన బ్యాంకుకు వెళుతుంది. ఎప్పుడో ఏ పథకం కోసమో తెరిచి మరచిపోయిన ఖాతాలో సొమ్ము పడి, డబ్బులు పడలేదని రైతు సహకార సంఘం చుట్టూ తిరగడం డెల్టాలో అరుదు కాదు. ఏ బ్యాంకుకు వెళ్లిందో చివరి నాలుగు అంకెలతో సహా రైతు ఫోనుకు తెలుగులో ఒక సందేశం పంపితే తీరిపోయే సమస్య ఇది.

రొయ్యల వ్యాపారంలో ఇదే అవసరం మరో రూపంలో ఉంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంటు అంటారు. ధర ఆ సంఖ్యను బట్టే నిర్ణయమవుతుంది. విదేశీ కొనుగోలుదారు అడిగేది కౌంటు ఒక్కటే కాదు, ఆ సరుకు ఏ చెరువులో పెరిగిందీ, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలో ఏమి తేలిందీ కూడా. నాగాయలంక చెరువు గట్టు దగ్గర నుంచి శుద్ధి కర్మాగారపు లాటు నంబరు దాకా గొలుసు తెగకుండా ఉంచడమే మూలాన్వేషణ వ్యవస్థ చేసే పని. గట్టు మీద ఐసు పెట్టెల్లోకి రెండు చెరువుల సరుకు కలిసిపోయిన క్షణాన ఆ గొలుసు తెగిపోతుంది.

నష్టనివారణ, పునరుద్ధరణ

నమోదైన సమాచారాన్ని దొంగతనం నుంచి, చెరిపివేత నుంచి, ప్రకృతి విపత్తు నుంచి కాపాడే ఏర్పాట్లను ప్రత్యేక అంగంగా చెప్పని గ్రంథాలు ఉన్నాయి. దిగువ కృష్ణా డెల్టా గురించి రాసేటప్పుడు అలా వదిలేయడం తగదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు; 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మందిని బలిగొన్నది, సమాచార మార్గాలన్నీ తెగిపోయి ఆ వార్త బయటి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. మచిలీపట్నంలో డాప్లర్ వాతావరణ రాడారు నెలకొన్న ఈ కాలంలో హెచ్చరిక ముందే అందుతుంది. అయినా 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని నేలకొరిగించింది, 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద దివిసీమ లంక గ్రామాలను ముంచింది.

విపత్తు తరవాత ఎంత సమాచారం పోయినా ఓర్చుకోగలం, ఎంతసేపట్లో మళ్లీ పని మొదలు కావాలి అన్న రెండు ప్రశ్నలకు ముందే జవాబు రాసుకున్న సంస్థే సరైన ఏర్పాటు చేసుకోగలదు. బ్యాంకులు వేరే నగరంలో జంట డేటా కేంద్రం నడుపుతాయి కనుక వాటి ఖాతాలకు ఉప్పెన భయం లేదు. ప్రమాదం ఉన్నది చిన్న సంస్థలకు: ఏడాది లెక్కలన్నీ ఒకే కంప్యూటరులో, ఆ కంప్యూటరు కింది అంతస్తు బల్ల కింద. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదులోనే తన క్లౌడ్ కేంద్రాలు తెరిచాక, రోజు చివర ఒక నకలును జిల్లా దాటించడం చిన్న మిల్లుకు కూడా అందుబాటు ఖర్చులో ఉంది. కంప్యూటరును నడుమెత్తు అరుగు మీద పెట్టుకోవడానికి ఆ ఖర్చు కూడా లేదు.

పద్ధతులు, మనుషులు

దేశంలోని 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలను ఒకే రకం ఈ.ఆర్.పి. సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చేందుకు రూ.2,516 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న ఆమోదించింది. అమలు బాధ్యత నాబార్డుది. దశాబ్దాల చేతిరాత రిజిస్టర్లలోని పంట రుణాలు, వాటా ధనం, బంగారు రుణాల నిలవలను కంప్యూటరులోకి ఎక్కించే ముందు ప్రతి సభ్యుడి బాకీని సభ్యుడి చేతిలోని కాగితంతో సరిపోల్చడం ఇందులో అసలు పని. తప్పు బాకీ చేతిరాతలో ఉన్నంతకాలం దాన్ని ప్రశ్నించే ధైర్యం రైతుకు ఉండేది. కంప్యూటరు ముద్రించిన కాగితం మీదికి వచ్చాక ఆ తప్పుకే అధికారం వస్తుంది. అందుకే మొదటిసారి ఎక్కించిన జాబితాను కంప్యూటరులో ఖాయం చేయకముందే సంఘం గోడ మీద అతికించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, సవరణ చేసిన ఉద్యోగి సంతకం ప్రతి మార్పు పక్కన ఉండేలా చూడటం సాఫ్ట్‌వేర్ కొనుగోలు కన్నా ముందు రాసుకోవలసిన నియమం. నియమం అమలయ్యేదీ, తప్పేదీ ఆపరేటరు దగ్గరే. తక్కువ జీతం మీద, పంట సీజనులో పొద్దుపోయేదాకా పనిచేసే ఆ ఉద్యోగికి శిక్షణ, తప్పును దాచుకోకుండా చెప్పగలిగే రక్షణ, లైను లేనప్పుడు చేతిరసీదు రాసిచ్చే అధికారం ఉన్న సంఘాల్లోనే కొత్త లెడ్జరు పాతదానికన్నా నిజమైనదిగా నిలుస్తుంది.